దుర్గకి చెప్పొద్దు బావా

కశింకోట,
జూన్ 24.

త్రినాధ బావకి పైడిరాజు రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టి, ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను. దుర్గ బాగుంది. మా ధనశ్రీ ఇంటర్లో చేరింది, అదీ బాగుంది. నా సంగతే తేడాగా ఉంది. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, అక్క ఎత్తుతుంది. అక్క చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా దుర్గ చెవిలో ఉంటుంది. అందుకే పోస్టాఫీసుకి వెళ్ళి కవరు కొన్నాను. ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అన్నట్టు చూసింది అక్కడి అమ్మాయి.

వేసవి నుంచీ ఒకటే దాహం బావా. ఎంత తాగినా తీరదు. ఒక ట్రిప్పు అనకాపల్లి వెళ్ళి వచ్చేలోపు రెండుసార్లు బండి పక్కకి ఆపాల్సి వస్తోంది. ఆటో స్టాండులో ఎర్రిబాబు, “ఏటి బావా, పంపు లీకైపోనాదా?” అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాడిని. తర్వాత నడుము మీద సెగ్గడ్డ లేచింది. అది మానకపోతే బజారులో ఒక క్లినిక్కి వెళ్ళాను. రక్తం తీశారు. కాగితం చూసి డాక్టరు చెప్పిన మాటలు ఇవీ: “సుగరు. మూడొందలు దాటేసింది. ఈ మాత్రలు టిఫిన్‌కి ముందు, రాత్రి భోజనానికి ముందు. జీవితాంతం వాడాలి. అన్నం తగ్గించు, స్వీట్లు మానెయ్.” అంతే. పాసింజరుకి చిల్లర తిరిగి ఇవ్వడానికి నాకు అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. “కాల్లకేటైనా అవుద్దా సార్?” అని నోటిదాకా వచ్చింది. అప్పటికే ఇంకొకాయన వచ్చి నా స్టూలు మీద కూర్చోబోతున్నాడు. లేచి వచ్చేశాను.

కాళ్ళ గురించి ఎందుకు అడగబోయానో నీకు తెలుసు. దుర్గ వాళ్ళ నాన్న సత్తియ్య మామకి మొదట కాలి వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మనిషే పోయాడు. ఆ కట్లన్నీ కట్టింది దుర్గే. మా ఇంట్లో సుగరు అనే మాట ఎవరూ అనరు. పక్కింట్లో ఎవరికో వచ్చిందన్నా దుర్గ లేచి వంటింట్లోకి పోతుంది. దానికి ఈ సంగతి ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా పొద్దున్న నా బండిలో బడి పిల్లలు. డ్రైవరుకి రోగం అంటే రేపటి నుంచి ఒక్కరూ పంపరు.

నీకు చెప్పాను, కొంచెం తేలికైంది. దుర్గకి చెప్పొద్దు బావా. అక్కకీ చెప్పొద్దు.

నీ
పైడిరాజు

---

సాలూరు,
జూలై 2.

పైడిరాజూ,

నీ ఉత్తరం వచ్చేసరికి షెడ్డులో ఉన్నాను. లారీ క్యాబిన్ రేకు కొడుతున్నాం. సుత్తి పక్కన పెట్టి అక్కడే చదివాను. ఇంటికి వచ్చాక మీ అక్క నా మొహం చూసి, ఏటయ్యింది అన్నట్టు గెడ్డం ఎగరేసింది. చెవులు పోయాక ఇదొక కష్టం. నేను ఆమె పెదాలు చదువుతాను, ఆమె నా మొహమంతా చదువుతుంది. నువ్వు ఆటో టైర్లు మార్చావని, ఖర్చయిందని చెప్పాను. నమ్మలేదు. అయినా చెప్పను. మాట ఇస్తున్నాను.

కానీ ఒక సంగతి. నలభై మూడేళ్ళ మనిషికి జీవితాంతం మాత్రలు అని చెప్పినవాడు, ఆ జీవితం ఎలా గడపాలో కూడా చెప్పాలి కదా? ఈ షెడ్డుకి వచ్చే లారీ డ్రైవర్లలో సగం మందికి సుగరే. బాగా చూసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చే ఒకాయనని కాగితం మీద రాసి అడిగాను. ఆయన రాసి ఇచ్చాడు: ఏటా కళ్ళు చూస్తారట. పాదాలు చూస్తారట. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ఒకటి ఉందట. ఏ టైముకి ఏం తినాలో డాక్టరే కూర్చోబెట్టి చెబుతుందట. “నాకు డాక్టరు దొరికింది కాబట్టి స్టీరింగు దగ్గర కూర్చున్నాను” అని చివర రాశాడు.

నీకు ఇవేమీ చెయ్యలేదు. నీకు వైద్యం ఇంకా మొదలు కాలేదన్నమాట. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ప్రశ్నలు అడగనిచ్చే మనిషి దగ్గరికి. లేవమన్నా లేవకు.

త్రినాధరావు

---

కశింకోట,
జూలై 20.

బావా,

వేరే డాక్టరు అక్కర్లేదులే. నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను.

మొన్న పొద్దున్న మాత్ర వేసుకున్నాను. దుర్గ ఇడ్లీ దించుతోంది, అప్పటికే పిల్లలకి ఆలస్యం అవుతోందని తినకుండా బయల్దేరాను. పిల్లలందరినీ ఎక్కించుకుని శారదా నది వంతెన మీదకి వచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. వంతెన గోడ నా వైపు జరుగుతున్నట్టుంది. ఆ తర్వాత కొంతసేపు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలీదు. వెనక నుంచి మా వీధి చివరింటి పిల్ల అరుస్తోంది: “మావయ్యా, బడి దాటిపోనాది! మావయ్యా!” మాట వినపడుతోంది, అర్థం కావడం లేదు. ఎలాగో పక్కకి తీశాను. లారీవాడు హారన్ కొట్టుకుంటూ ఆనుకున్నట్టే పోయాడు.

అప్పుడు ఆకలేసింది బావా. అంత ఆకలి జన్మలో ఎరగను. ఆ పిల్ల ఒళ్ళో ఉన్న డబ్బా లాక్కుని, ఉప్మా మొత్తం చేత్తో తినేశాను. కాసేపటికి మామూలు మనిషినయ్యాను. బండి వెనక్కి తిప్పి వాళ్ళని బడి దగ్గర దింపాను. ఎవరికీ చెప్పొద్దే అన్నాను. సరే మావయ్యా అన్నారు.

చిన్నపిల్ల డబ్బా తినేసిన డ్రైవరుని నువ్వెక్కడైనా చూశావా?

ఆ మాత్రలే నన్ను అలా చేశాయని అర్థమైంది. అందుకే మానేశాను. స్టాండు దగ్గరకి ఒకాయన వస్తుంటాడు, ఆకుల పొడి అమ్ముతాడు. “నలభై దినాలు పరగడుపున తాగు, సుగరు మొదలంటా పోద్ది, అన్నం మానక్కర్లేదు” అన్నాడు. తాగుతున్నాను. చేదు. చేదుగా ఉందంటే పని చేస్తున్నట్టే కదా. సాయంత్రాలు బోర్డులు కొంచెం మసకగా కనిపిస్తున్నాయి గానీ, అది దుమ్ము. హైవే పనులు జరుగుతున్నాయి.

ఇంట్లో ఎవరికీ తెలీదు. నువ్వు బెంగపెట్టుకోకు.

పైడిరాజు

---

సాలూరు,
జూలై 27.

పైడిరాజూ,

నాకు నవ్వు రాలేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఇక్కడ ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ పేరు చెప్పలేదు. నాకు వినపడదని, రాసి ఇమ్మని అడిగాను. ఓపిగ్గా రాశాడు. ఆయన రాసినది ఇది: ఆ రకం మాత్ర వేసుకుని తినకపోతే సుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమట, వణుకు, తిక్కతిక్కగా ఉండటం, ఆ తర్వాత స్పృహ తప్పడం. బండి నడిపేవాడికి ఇది చాలా ప్రమాదం. మాత్ర వేళా తిండి వేళా కుదర్చాలి, లేదా మాత్రే మార్చాలి. అలా మార్చడానికి మందులు ఉన్నాయి. అంతేగానీ, మొత్తం మానేస్తే సుగరు పైకి పోయి కళ్ళనీ, మూత్రపిండాలనీ, కాళ్ళ నరాలనీ తింటుంది. మసకగా కనిపించడం దుమ్ము కాదు. కింద గీత గీసి రాశాడు: పాదాలకి స్పర్శ ఉందో లేదో సన్నటి నైలాన్ దారంతో తాకి చూడాలి, అది చూడకుండా ఎవరైనా అంతా బాగుందంటే నమ్మకండి.

ఇక నా మాట. ఆ వంతెన నాకు తెలుసు. ఆ గోడ ఎంత ఎత్తుందో కూడా తెలుసు. నేను ముప్పై ఏళ్ళుగా లారీలకి బాడీలు కడుతున్నాను. గుద్దేసి తిరిగొచ్చిన బళ్ళు కూడా మా షెడ్డుకే వస్తాయి. క్యాబిన్లో ఏం మిగులుతుందో చూసినవాణ్ణి. నీ దగ్గరున్నది లారీ కాదు, పైన రెక్సిన్ కప్పిన ఆటో. లోపల ఎవరి పిల్లలో.

మంచి డాక్టరుకి చూపించుకునేదాకా ఆ పిల్లల్ని ఎక్కించుకోకు. ఏదో ఒకటి చెప్పి ఎర్రిబాబుకి అప్పజెప్పు. వినాయక చవితి లోపల డాక్టరు దగ్గరికి వెళ్ళానని నీ దగ్గర్నుంచి ఉత్తరం రావాలి. రాకపోతే దుర్గకి నేను రాస్తాను.

త్రినాధరావు

---

కశింకోట,
ఆగస్టు 6.

బావగారికి,

బెదిరింపు అందింది. మనసులో మాట చెప్పుకోవడానికి మా అక్క మొగుణ్ణి నమ్మాను, పోలీసుని కాదు. దుర్గకి రాస్తావా? రాయి. మామ పోయాక అది ఆరు నెలలు సరిగ్గా నిద్రపోలేదు. ఆ నిద్ర మళ్ళీ నువ్వు తీసెయ్.

నీ తృప్తి కోసం చెప్తున్నాను, డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మంచి డాక్టరు. అన్నీ చూశాడు. కళ్ళు చూశాడు, కాళ్ళు చూశాడు, అంతా బాగుందన్నాడు. పొడి వాడుకోవచ్చన్నాడు. ఇక దీని గురించి రాయకు.

పిల్లల్ని నేనే తీసుకెళ్తున్నాను. జాగ్రత్తగానే నడుపుతున్నాను.

పైడిరాజు

---

సాలూరు,
ఆగస్టు 13.

పైడిరాజూ,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. అన్నీ చూసిన ఆ డాక్టరు పేరు లేదు. మగో ఆడో ఉంది, ఏ ఊరో లేదు. నీ పాదాలు దేంతో తాకి చూశాడో లేదు. ఏం తినమన్నాడో లేదు. నువ్వు సంతలో కోడిని బేరమాడినా కోడి రంగు దగ్గర్నుంచి రాస్తావు. ఈ డాక్టరు లేడు.

నీ సంగతి ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఇదే రోజు దుర్గ పేరు మీద ఇంకో ఉత్తరం పోస్టులో వేశాను. చెప్పాల్సిందంతా చెప్పాను. వంతెన సంగతి కూడా. నీ వెనకాల చెయ్యడం ఇష్టం లేక నీకూ రాస్తున్నాను.

నువ్వు నాతో మాట్లాడకపోవచ్చు. మీ అక్కని పండక్కి పిలవకపోవచ్చు, మా గుమ్మం తొక్కకపోవచ్చు. దానికి సిద్ధపడే రాశాను. నువ్వు ప్రాణంతో ఉండి నన్ను తిట్టుకుంటే నాకు చాలు.

త్రినాధరావు

---

సాలూరు,
సెప్టెంబర్ 5.

పైడిరాజూ,

చవితి వెళ్ళిపోయింది. నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. దుర్గ దగ్గర్నుంచీ లేదు. మీ అక్క ఫోన్ చేస్తే ధనశ్రీ ఎత్తి, “అమ్మా నాన్నా ఊరికెల్లేరత్తా” అని పెట్టేసిందట. ఏ ఊరికో చెప్పలేదట. మీ అక్క నన్ను నిలదీసింది. ఇక దాచలేకపోయాను. అంతా చెప్పేశాను. ఆ రోజు నుంచి ఆమె నా వైపు తిరిగి మాట్లాడటం లేదు. పెదాలు కనపడకపోతే నాకు ఇల్లంతా చీకటే.

పోస్టుమాన్ మా షెడ్డు ముందు నుంచి సైకిల్ తొక్కుకుంటూ పోతుంటే రోజూ బయటికి వస్తున్నాను. ఒక్క మాట రాయి. తిట్టినా సరే. ఖాళీ కార్డు పంపినా నీ చేతిరాతతో అడ్రసు ఉంటుంది కదా.

త్రినాధరావు

---

అనకాపల్లి, పెద్దాసుపత్రి,
సెప్టెంబర్ 12.

బావా,

మంచం మీద పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కాలు దిండు మీద ఎత్తి పెట్టారు. ఉంది. రెండు కాళ్ళూ ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నాను.

నీ ఉత్తరం దుర్గకి మధ్యాహ్నం పూట వచ్చిందట. నేను స్టాండులో ఉన్నాను. అది ఎప్పుడూ స్టాండుకి రాదు. ఆ రోజు నడుచుకుంటూ వచ్చింది, కొంగు బిగించుకుని. తిన్నగా నా బండి దగ్గరికి వెళ్ళి, తాళాలు తీసి ఎర్రిబాబు చేతిలో పెట్టింది. వాటిని బండికే వదిలేసి ఉన్నాను. “నువ్వు ఎనక కూకో. ఎర్రిబాబు తోల్తాడు,” అంది నాతో.

“ఎక్కడికి?” అన్నాను.

“పెద్దాసుపత్రికి.”

“ఎవలికి బాగోలేదు?”

“నీకు.”

స్టాండు మొత్తం చూస్తోంది. ఎక్కి కూర్చున్నాను. నా బండి వెనక సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. వంతెన దాటుతుంటే దుర్గ కళ్ళు మూసుకుంది. అప్పుడు అర్థమైంది, నువ్వు అంతా రాశావని. నీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ పూట నువ్వు కనిపిస్తే నిజంగానే కొట్టేవాణ్ణి.

“నీకు బయమేత్తదని సెప్పలేదు,” అన్నాను. “మీ నాయిన సంగతి గుర్తొత్తదని.”

అప్పుడు కళ్ళు తెరిచింది. “నాయినకి ఏలు నల్లగైనపుడు నాకు సెప్పేడా? గుడ్డ సుట్టుకుని సెప్పులేసుకుని తిరిగేడు. నాను సూసేసరికి పురుగు పట్టీసింది. అప్పుడే సెప్పుంటే ఎత్తుకుని తీసుకెల్లుందును. నాకు బయమని మీరు దాత్తారు. ఆనక మోసేది నాను.”

బావా, ఇన్నేళ్ళూ దానికి ఆ మాటంటేనే భయమనుకున్నాను. అది భయం కాదు, తండ్రి మీద కోపం. ఆ కోపం ఇప్పుడు నా మీదకి మళ్ళింది.

ఓపీ దగ్గర జనం. సుగరు, బీపీ వాళ్ళకి వేరే గది. చాలాసేపు కూర్చున్నాం. లోపల డాక్టరు శ్రీదేవిగారు. నా వయసే ఉంటుంది. కాగితం అడగలేదు. “పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా మీ రోజు చెప్పండి,” అంది. “ఎప్పుడు బండెక్కుతారు, ఎప్పుడు తింటారు, ఏం తింటారు?” పొద్దుటి నుంచి మొదలుపెట్టి చెప్పాను. నా రోజు ఎలా గడుస్తుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. వంతెన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. దుర్గ చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. పెన్ను కింద పెట్టి, “ఇంకొకసారి అలా అయితే ఏం చెయ్యాలో మీకు ఎవరైనా చెప్పారా?” అంది. లేదన్నాను. “అది మా తప్పు, మీది కాదు. కానీ మళ్ళీ పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళారు చూడండి, అది మాత్రం మీదే,” అంది.

తర్వాత నర్సు తలుపులమ్మగారు చెప్పులు విప్పమంది. కళ్ళు మూసుకోమంది. సన్నటి దారంతో పాదం తాకుతాను, తగిలినప్పుడల్లా చెప్పమంది. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాను. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటున్నాను. కళ్ళు తెరిచి చూస్తే దుర్గ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అప్పటికి ఎన్నిసార్లు తాకిందో.

అప్పుడు కుడి మడమ ఎత్తి చూసింది. “ఇదెప్పటి నుంచి?” అంది. దేని గురించి అడుగుతోందో నాకు తెలీదు. నా చెప్పు తిరగేసింది. కింద నుంచి ఒక మేకు దిగి ఉంది బావా. అట్ట మొత్తం దాటి లోపలికి వచ్చింది. ఎన్నాళ్ళ నుంచో తెలీదు. దాని మీద నిలబడ్డాను, దాని మీద నడిచాను, బ్రేకు తొక్కాను. మడమలో చీము పట్టి ఉంది. నాకు నొప్పి లేదు. ఒక్కరోజు కూడా నొప్పి లేదు.

అప్పుడు అడిగాను, ఆ క్లినిక్కులో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట. “కాలు తీసేత్తారా అమ్మా?”

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “ఎముకదాకా పోయిందో లేదో ఎక్స్‌రే తీస్తాం. పోకపోతే మానడానికి అవకాశం బాగా ఉంది. మానుతుందని మాట ఇవ్వలేను. మానడానికి చెయ్యాల్సినవి మాత్రం ఒక్కటీ వదలం. సుగరు మీకు ఇప్పుడొచ్చింది కాదు, ఏళ్ళుగా ఉండి ఉంటుంది. మీకు ఇప్పుడు తెలిసింది, అంతే.” ఇంకా అడగండి అంది. అడిగాను. అన్నం గురించి, మందు గురించి, పొడి గురించి. పొడి పొట్లం తెమ్మంది. చూసి, ఇందులో ఏముందో అమ్మినాయనకీ తెలిసి ఉండదు, ఆపెయ్యండి అంది. లేచి వెళ్ళమని అనలేదు. బయట జనం ఉన్నా అనలేదు.

ఎముకకి ఇంకా పట్టలేదట. చేర్చుకుని శుభ్రం చేశారు. ప్రస్తుతానికి ఇన్సులిన్ ఇస్తున్నారు, పుండు మానడానికి. తర్వాత మళ్ళీ మాత్రలే అన్నారు, పడిపోకుండా ఉండే రకం. మొదటి మూడు రోజులు ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. జ్వరం. డ్రెస్సింగు విప్పినప్పుడల్లా నేను నర్సు మొహం చూసేవాణ్ణి కాదు, దుర్గ మొహం చూసేవాణ్ణి. అది ఇలాంటి పుండ్లు ఎన్నో చూసింది. మొన్న కట్టు విప్పినప్పుడు వంగి చూసి, “ఎర్రగుంది,” అంది. నేను కాలు వెనక్కి లాక్కోబోయాను. “ఎర్రగుంటే మంచిదే, నల్లగుంటే కదా సెడ్డ,” అని నన్నే కసిరింది.

చవితి తర్వాత నువ్వు రాసిన ఉత్తరం ధనశ్రీ ఇక్కడికి తెచ్చి ఇచ్చింది. చదివాను. నా కోపం ఇంకా పోలేదు. అయినా రాస్తున్నాను. అక్కకి నీ వైపు తిరిగి మాట్లాడమని చెప్పు.

పైడిరాజు

---

సాలూరు,
సెప్టెంబర్ 20.

పైడిరాజూ,

నీ ఉత్తరం మీ అక్కకి ఇచ్చాను. ఆమె చదువుతుంటే ఎదురుగా నిలబడ్డాను. మేకు దగ్గర ఏడ్చింది. చివరి వాక్యం చదివి, కాగితం మడిచి, నా వైపు తిరిగి ఏదో అంది. చాలా పెద్ద తిట్టు. పెదాలు స్పష్టంగా కనిపించాయి. హాయిగా అనిపించింది.

ఇప్పుడు నేను ఒకటి చెప్పాలి. నిన్ను చూడటానికి వద్దామని బయల్దేరుతుంటే ఆమె ఆగింది. తనకీ అరికాళ్ళు మండుతున్నాయంది. ఏడాదిగా. నాకు చెప్పలేదు. మీ కుటుంబంలో దాచడం అందరికీ వచ్చు. అప్పుడు నాకు రాసి ఇచ్చిన ఆ ఓపిక ఉన్న డాక్టరు దగ్గరికే లాక్కెళ్ళాను. సుగరు ఉంది. నీ అంత కాదు, కానీ ఉంది. మొదట్లోనే దొరికిందన్నాడు. ఆమె కాగితం తీసుకుని ఇంటికి వచ్చి దేవుడి గూట్లో పెట్టేసింది. మందు కొనలేదు. “తమ్ముడికి కాలు తీత్తన్నారు, నాకూ తీత్తారు” అంటుంది. తియ్యడం లేదని నీ ఉత్తరం చూపిస్తే, “ఆడు నన్ను ఊరుకోబెట్టడానికి రాసేడు” అంటుంది.

నా మాట వినడం లేదు పైడిరాజూ. వినపడనివాడి మాట ఎవరు వింటారు. ఏం చెయ్యమంటావు?

త్రినాధరావు

---

కశింకోట,
అక్టోబర్ 30.

బావా,

ఆలస్యమైంది. విశాఖ కళ్ళాసుపత్రికి తిరుగుతున్నాను. డాక్టరమ్మే రాసి పంపింది. కళ్ళలో చుక్కలు వేసి చూశారు. ఎడమ కంటి లోపల రక్తనాళం చిట్లింది. లేజర్ చేశారు. కుడి కన్ను నయం. పోయిన చూపు కొంత తిరిగి రాదన్నారు, ఉన్నది పోకుండా చూసుకోవచ్చన్నారు. మడమ పుండు పూడింది. సుగరు ఉన్నవాళ్ళ కాళ్ళకని చేసే మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు ఇచ్చారు, ఇంట్లో కూడా అవే. నెల తిరిగేసరికి ఆసుపత్రికి వెళ్ళకపోతే తలుపులమ్మగారే ఫోన్ చేస్తుంది. “ఏటి పైడిరాజు, కాలు బాగుందని మమ్మల్ని మర్సిపోనావా?” అంటుంది.

కర్ర పట్టుకుని పిల్లల ఇళ్ళకి వెళ్ళాను. దుర్గ వస్తానంది, వద్దన్నాను. ఒక్కొక్క ఇంట్లో జరిగింది చెప్పాను. కొంతమంది కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. ఆ డబ్బా పిల్ల తల్లి గుమ్మంలోంచి కదల్లేదు. “నా పిల్ల ఉంది ఆ బండిలో. తెలిసీ మల్లీ ఎక్కించుకున్నావు,” అంది. ఔనన్నాను. తలుపు వేసేసింది. ఆవిడ చేసింది తప్పని నేను అనను. పిల్లలు ఇప్పుడు ఎర్రిబాబు బండిలో వెళ్తున్నారు. ఇక అటే వెళ్తారు.

నిన్నటి నుంచి మార్కెట్టు పాసింజర్లని ఎక్కించుకోవచ్చన్నారు, వెలుతురు ఉన్నంతసేపే. టిఫిన్ తిన్నాకే బండి తాళాలు దుర్గ ఇస్తుంది. నాతో మామూలుగా మాట్లాడుతోంది గానీ, ఇంకా పూర్తిగా కాదు.

అక్క సంగతి. నువ్వు చెప్తే వినదు, నేను ఫోన్లో చెప్తే ఏడుస్తుంది. నేను ఎదురుగా నడిచి చూపించాలి. డాక్టరమ్మతో మాట్లాడాను. “మీ అక్కగారిని తీసుకురండి, ముందు ఏం భయపడుతున్నారో అదే చెప్పించుకుందాం, మందులు తర్వాత,” అంది. వచ్చే గురువారం. అక్క ఒక్కతే లోపలికి వెళ్ళక్కర్లేదు, పక్కన నేను కూర్చుంటాను. ఆమె అడగలేకపోతే నేను అడుగుతాను.

నువ్వూ రా. నా కోపం ఏమైందని అడగకు. వచ్చాక నువ్వే నా మొహం చదువుకుందువుగాని.

బస్టాండులో దిగి వేరే ఆటో ఎక్కకండి, నేనే వస్తాను. పొద్దున్నే బయల్దేరే బస్సు చూసుకోండి. మీరు దిగేసరికి చీకటి పడితే మాత్రం నేను రాను బావా, ఎర్రిబాబుని పంపుతాను.

నీ
పైడిరాజు